ఉల్టా నెయ్యి

నెయ్యికి ఒక్కటే బుద్ధి.
చలికి గడ్డకడుతది, సెగకు కరుగుతది.
నా సీసాల ఉన్నదానికి బుద్ధి ఉల్టా.
ఫ్రిజ్‌ల ఉన్నంతసేపు నీళ్లోలె ఊగుతది,
ముప్పై నాలుగు డిగ్రీలు దాటిందంటె
కదలకుండ కూసుంటది.

సూదిల నీళ్లు కావాలె,
మోకాలు చేరినంక ముద్ద కావాలె,
ఆడ్నే ఉండి ఇరవై రోజులు
కొద్దికొద్దిగ మందు వదలాలె.
మూడేండ్ల సంది ఇదే నా పని.
నల్లగొండ బైపాస్ పక్కన ఫార్మసీ కాలేజి,
రెండో అంతస్తు, పడమటి గది.
ల్యాబు పడమరకు కట్టినోడెవడో గాని
వానికి మే నెల తెల్వదు.

ఆ దినం పొద్దుగాల ఎనిమిదింటికి కరెంటు పోయింది.
జనరేటర్‌ల డీజిల్ లేదు,
డీజిల్ కాగితం మీద సంతకం లేదు.
మూడింటికి గోడ మీద నలభై రెండు.
రబ్బరు ఊడిన ఫ్రిజ్ తలుపు తీస్తె
పన్నెండు సీసాలు, పన్నెండూ పేరుకున్నయి.
బోర్లిస్తె బొట్టు జారలే.

వాటి తప్పేముంది?
వెచ్చగ తగిలింది, ఎవరిదో ఒళ్లనుకున్నయి.
ఊరి ఎండను మనిషనుకొని
చేరవలసిన చోటు చేరినమనుకొని
మూటలు దించుకున్నయి.

పేపర్లల్ల రాస్తరు: గది వేడి ఇరవై ఐదు.
ఎవరి గది?

జానయ్య మామ వచ్చిండు, మా అటెండర్.
పదేండ్ల కింద తాటిచెట్టు మీద
మోకు తెగి మోకాలు పోయినోడు.
ఓదార్పు మాట ఒక్కటి అనలే.
సీసా ఎత్తి కిటికీ వెలుగుకు పట్టిండు.
"ముంజ లెక్కున్నది."

ముంజనే, మామ.
గీ ముద్దల కంటికానని ముంజలు ఇంక కోట్లున్నయి.
సోయా కొవ్వుతోని రెండు పొరల తోలు,
నడుమ మందు కలిసిన నీళ్లు.
బొటనేలు గుచ్చితె మూతి మీద చిమ్ముతది సూడు,
గట్ల ఒక్కసారే చిమ్మొద్దని
ముద్దల దాసిన.

"మరి ఇరవై దినాలు ఎట్ల కారుతది?"

నేను బోర్డు తుడిసి గీత గీయబోయిన.
ఆయన నవ్విండు.
"గెల గీసుడే గద, బిడ్డా.
ఒక్కపెట్టున కోస్తె ఏం మిగులుతది?
పొద్దుమాపు కాగితమంత పొర తీస్తం.
రాత్రంత బొట్టు, బొట్టు.
లొట్టి నిండంగ ఎవడు సూసిండు,
తెల్లారితె నిండి ఉంటది."

నా థీసిస్ల మూడో అధ్యాయం నలభై పేజీలు.
ఆయనకు ఒక్క గుక్క.

గడియారం సెంటర్ కాడికి సైకిలు తొక్కిండు,
ఒక్క కాలుతోనే సగం దూరం.
గోనెసంచిల రంపపుపొట్టు, పొట్టుల ఐసుగడ్డ.
బకీట్ల సీసాలు పాతిపెట్టి
ఇద్దరం నేల మీద కూసున్నం.
ఒకటి మెత్తబడ్డది, ఒకటి జారింది.
తొమ్మిది మళ్ల నీళ్లయినయి.
మూడింట్ల ముంజలు పగిలి
అడుగుకు తెల్లగ దిగింది మందు.
నోట్‌బుక్కుల రాసిన: నష్టం మూడు. కారణం,
కారణం కాడ పెన్ను ఆగింది.
ఎండ అని రాస్తె గైడు ఒప్పుకోడు.

"నా మోకాలుకెప్పుడు ఇస్తవు?"
ముందు కుందేళ్లకు, మామ.
"కుందేళ్లకేం నొప్పులు? చెట్లెక్కుతయా?"
తర్వాత అనుమతులు, తర్వాత మనుషులు,
తర్వాత ఏమో.
ఆయన జేబుల గోలీల పట్టీ ఉన్నది,
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
మోకాలికని మింగితె కడుపును కాలుస్తయి.
ఒకటి సింపుకొని నీళ్లు లేకుండనే వేసుకున్నడు.

ఖాళీ సంచి భుజానేసుకొని దిగిండు.
మెట్టుకో బొట్టు,
కుంటికాలు ఆనిన కాడ రెండు.
నేను ఆ తడినే సూస్తున్న.
అది ఆరకముందే
కరెంటొచ్చింది.