ముందు నువ్వు పడాలి

ఒతారులో మంచు కిటికీల సగం దాకా వచ్చింది.
కువబారా టీచరమ్మకి డెబ్బై ఒకటి,
ఎడమ మోకాలికి పట్టీ.
"కాలరు వదలకు. లాగు.
వాడు మునివేళ్ల మీదికి వచ్చాక
వాడి కిందికి నువ్వే కూలిపో."

చేపల మార్కెట్లో పెట్టెలు మోసే కిసబురో
నాకు రెండింతలు.
పదకొండుసార్లు నా మీదే బస్తాలా పడ్డాడు.

"నువ్వు పడుకుంటున్నావు, పడటం లేదు.
నేలనింకా నమ్మట్లేదు."

పన్నెండోసారి వెనక్కి చూసుకోలేదు.
వీపు చాపని తాకేలోగా
పాదం వాడి బెల్టు ముడి కింద ఆనింది.
బరువేదీ?
ఐసు, చేపపొలుసుల వాసనొకటి
నా మొహం మీదుగా దాటిపోయింది.

వెనక దబ్బుమని చప్పుడు.
వెల్లకిలా ఇద్దరం, కప్పుకేసి చూస్తూ.

"మోకాలు ఇంకా ముడవాలి" అని
టీచరమ్మ స్టవ్ మీంచి కెటిల్ దించింది.