అచ్చుతప్పు

దుబాయి. ముప్పై రెండో అంతస్తు.
వారానికో కొత్త లా ఫర్మ్ బోర్డు లేచే ఊళ్లో
నేను మూడు నెలల ఇంటర్న్‌ని.
లిఫ్టులో పలకరింపులకి కూడా గంటల లెక్కన
బిల్లు పడుతుందేమో అనిపించేది.
నాకిచ్చిన పని, నలభై పేజీల కాంట్రాక్టులో
కామాలు సరిచూడటం.

పదిహేడో క్లాజు:
మధ్యలో మానేస్తే తిరుగు టికెట్టు కార్మికుడిదే.
బిగువుగా కుదిరింది, అన్నాడు సీనియరు.
నేనూ తలూపాను.
చివర పేర్ల పట్టీ. వెల్డర్లు, పంతొమ్మిది మంది.
ఒకడి ఊరు 'బరూవా' అని పడింది.
బారువ అని దిద్దాను.
నాకు అనుమతి ఉన్న దిద్దుబాటు అదొక్కటే.

ఇప్పుడు సోంపేట కోర్టు పక్కన రేకుల షెడ్డు,
టైపు మిషను చప్పుడు,
ఎక్కణ్నుంచో జీడిగింజలు కాల్చే పొగ.
బడే కూర్మయ్య
చేపల వాసన వదలని ప్లాస్టిక్ కవర్లోంచి
అవే కాగితాలు తీశాడు.
"ఇందల ఏటి రాసుందో సెప్పమ్మా.
మావోడు టికెట్టు డబ్బుల్లేక అక్కడే ఉండిపోనాడు."

పదిహేడు దగ్గర నా నోరు పెగల్లేదు.
అతనే చివరి పేజీ తిప్పి వేలు పెట్టాడు.
"ఊరి పేరొకటీ సక్కగా రాసినారు,
అచ్చం మా స్టేషను బోర్డు మీదున్నట్టే.
ఎవులో మనోలే అయ్యుంటారు."