ఒక్క బిందె నీళ్లు

రాసుకుంటవా, రాసుకో.
అంబాసిడర్: పద్నాలుగు వందల ఎనభైతొమ్మిది సీసీ.
పద్మిని: వెయ్యీ ఎనభైతొమ్మిది.
తోకలు ఒక్కటే, తలకాయలే తేడా.
గుర్రాలంటవా, దాంట్ల యాభై, దీంట్ల నలభై.
మేత ఎవరు పెడుతరో కాయితం మీద ఉండదు.

గేరు రెండిట్లకూ స్టీరింగు మెడకాడనే.
అంబాసిడర్‌ది ఏసుడంటే
లోతు బాయిల చేద గుంజినట్టు, భుజం పలుకుతది.
పద్మినిది చాయిల చెంచా తిప్పినట్టు;
మూడోది మాత్రం ఎప్పుడు పడుతదో దానికే తెల్వదు.

అంబాసిడర్ ఎనక సీట్ల నలుగురు, ఒళ్లె ఇద్దరు,
డిక్కీల రెండు పల్లీ బస్తాలు.
బస్తాలు పడ్డంక ముక్కు ఆకాశం చూస్తది,
అయినా పోతది.
పద్మిని ఒక్క బస్తాకే మూలుగుతది.

ఎండకాలం. నాకప్పుడు పద్దెనిమిదేండ్లు.
మిల్లు బుచ్చన్న సేటుది తెల్ల అంబాసిడర్,
మిషన్ దవఖాన ఎస్తేరమ్మ సిస్టరుది లేత నీలం పద్మిని.
కల్వకుర్తి నుంచి జడ్చర్ల దాకా
వంద రూపాయల పందెం.
నేను సేటు బండి ఎనక సీట్ల, ఒళ్లె పానాల డబ్బా.

మొదలు పద్మినే దుంకింది, తేలికది గదా.
మాది గడీల దొర నిద్రలేసినట్టు
మెల్లగ లేసి, లేసినంక ఆగలే.
మిడ్జిల్ దాటినంక చూస్తే
పద్మిని రేడియేటర్ గంజి లెక్క పొంగుతున్నది.
నవ్వుకుంట దాటినం.
ఫర్లాంగు పోలే,
మాది దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగింది.
పెట్రోలు పంపు ముట్టుకుంటే పెనం.

చెట్టు లేదు. నీడంటే మా బండి నీడనే.
రోడ్డు పక్కన కంకర కొట్టే ఆడోళ్లు,
లచ్చవ్వ అనేటామె కాడ ఒక్క బిందె.
సగం సిస్టరు రేడియేటర్ తాగింది.
మిగిలిన సగంల నా తువ్వాల ముంచి
మా పంపుకు చుట్టిన, మళ్ల ముంచిన, మళ్ల చుట్టిన.
లచ్చవ్వ బిందె బోర్లిచ్చి చూసుకున్నది.
ఏమనలే.

ఇంజన్ అందుకోంగనే సేటు తొక్కిండు.
ఎనక అద్దంల నుంచి చూసిన:
ఆ సన్న రోడ్డు మీద పద్మిని
ఒక్క తిప్పుల మళ్లింది.
ముందు సీట్ల లచ్చవ్వ, ఒళ్లె బిందె,
మిడ్జిల్ బోరింగు దిక్కు.
అంత జాగల అంబాసిడర్ మళ్లాలంటే
రెండుసార్లు ఎనకకు కొట్టాలె.
ఇది నీ కాయితంల ఏ వరుసల పడుతదో నాకు తెల్వదు.

సేటు గెల్చిండు. నాకు ఐదు రూపాయలిచ్చిండు.
జడ్చర్ల బస్టాండుల గోలీ సోడా కొట్టిచ్చుకున్న,
సగం తాగి, సీస బల్ల మీదనే పెట్టిన.

ఏది మంచిదంటవా?
లీటరుకు తొమ్మిది, లీటరుకు పన్నెండు.
గవి రాసుకో, గవి అబద్ధం కావు.
ఏది కొన్నా ప్లగ్గులు నాకాడ దొర్కుతయ్.
డిక్కీల మాత్రం నీళ్ల డబ్బా పెట్టుకో.
నీ బండికి ఒకటి,
ఇంకోటి ఉత్తదే, నిండుగ.