ఇంట్లో కాచినది

హార్తొల గ్రంథాలయం కింది గది.
బయట మైనస్ పంతొమ్మిది.
బల్ల మీద రెండు పాత కన్సోళ్లు, వీపు ఉబ్బిన ఒక టీవీ,
ఎల్యాస్ తెచ్చిన సాహ్తి సీసా.
జునిపెర్ కొమ్మల మీంచి వాళ్ల దొడ్లో వడకట్టిన బీరు అది,
పేరు చీటీ ఉండదు,
పులిస్తే పులిసినట్టే తాగాలి.

ఆటల పోటీకి మేం ముగ్గురం న్యాయనిర్ణేతలం.
నాకు తెలిసింది సోల్డరింగు.
తీర్పులు చేతకావని ముందే చెప్పాను, వినలేదు.

ఇంటి ఆట అంటే ఏది?
తువోవి కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని చదివింది:
ఫ్యాక్టరీ ఆ యంత్రాన్ని మరిచిపోయాక పుట్టాలి.
ఎవరి లైసెన్సూ ఎవరి జీతమూ సోకకూడదు.
పాత పెట్టెలో పెడితే నిజంగా నడవాలి,
ల్యాప్‌టాప్ ఆ పెట్టె వేషం కట్టి ఆడించేస్తే చాలదు.

అమ్ముకుంటే? అన్నాను.
అమ్ముకోనీ, ఇల్లు అంగడైపోదు.
కొత్త కంప్యూటర్ మీద రాస్తే?
కత్తిపీట కొత్తదైతే కూర పరాయిదా? అన్నాడు ఎల్యాస్.

ఒక కుర్రాడు పేరుమోసిన ఆట మీద
అడుగడుగునా మంచు గీసి పంపాడు.
ఎంత మంచి మంచో!
కానీ కింద నేల వేరేవాళ్లది.
పక్కన పెట్టాం. నాకు ఇప్పటికీ మనసొప్పలేదు.

ఇంకొకరిది మంచుగడ్డ కింద చేప ఆట.
ముప్పై రెండు కిలోబైట్లు,
ఇవాళ్టి ఫొటోలో ఒక కనురెప్పకి చాలని చోటు.
అందులో చెరువు, చేప, ఆకలి, చీకటి,
చివర వసంతం కూడా పట్టించాడు మహానుభావుడు.

ఆఖరిది హిల్కాది.
డెబ్బై ఒకటో ఏడు. పాల కర్మాగారంలో
వెన్నశాతం కొలిచి రిటైరయింది.
ఉన్ని చేతితొడుగులో చుట్టి తెచ్చింది క్యాట్రిజ్‌ని,
గుడ్డు తెచ్చినట్టు.

భర్త ఓయివా మొదలుపెట్టాడట, ఒక కంపెనీకి.
మూడు గదులు కట్టాడు, నాలుగోది సగం.
కంపెనీ మునిగింది. గళ్ల కాగితాల కట్ట అటకెక్కింది.
తర్వాత ఓయివా పోయాడు.
ఆమె అరవై ఆరో ఏట ఈ గదిలోనే కూర్చుని
అసెంబ్లీ నేర్చుకుంది.
తొమ్మిది తర్వాత ఏ, బీ, సీ వస్తాయంటే
మొదటిరోజు ఎవరో వేళాకోళం చేస్తున్నారనుకుందట.

పెట్టి ఆడాను.
దీపం పట్టుకున్న చిన్న మనిషి, గది తర్వాత గది.
నాలుగో గది తలుపు దగ్గర
కారణం లేకుండా ఆగిపోయాడు,
మళ్లీ నడిచాడు.
ఇక్కడేదో తప్పుందండీ, సరిచేయొచ్చు, అన్నాను.
తెలుసు, అంది. ఏ లైనో కూడా తెలుసు.

ఆమె వెళ్లాక తువోవి పెన్సిలు గాల్లోనే ఉంది.
మూడున్నర గదులకి జీతం ముట్టింది కదా.
అవును, మిగతా పదకొండూ వంటింట్లో కట్టినవే.
నిజమే, కానీ రాసుకున్న మాట రాసుకున్నదే కదా.

ఎల్యాస్ మూడు గ్లాసుల్లో సాహ్తి పోశాడు.
ఈస్టు నేను కొట్లో కొన్నదే, అన్నాడు.
రొట్టెల ఈస్టు. రసీదు కూడా ఉంది.
మరి ఇది ఇంటిదా, కాదా చెప్పు.

తువోవి జవాబివ్వలేదు. తాగింది.
మూతి తుడుచుకుని కాగితం మీద ఏదో రాసింది.
నేను తొంగిచూడలేదు.

క్యాట్రిజ్ మళ్లీ పెడితే తెర బూడిద రంగులో ఉండిపోయింది.
ఊదకండి, తడి చేరి రాగి చెడుతుంది అని
ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెప్పేది నేనే.
ఊదాను.

వెలిగింది.
మొదటి గది, రెండు, మూడు.
తలుపు దగ్గర ఆగాడు.
ఈసారి లెక్కపెట్టాను:
పదమూడు ఫ్రేములు.