ఆషాఢం గాలి

లంగర్‌హౌజ్ దాటినంక గుట్ట మలుపులో
ఖైరున్నిసా గుర్రాల కొట్టం.
రేకుల కప్పు, బండరాయి నేల,
ఐదు గుర్రాలు, వాటికి తోడుగా ఒక ముసలి మేక.
కరెంటు స్తంభం కూతవేటు దూరంలోనే ఉంది.
జాగాకు కాగితం లేదు,
కాగితం లేని చోటికి తీగ రాదట.
ఆఫీసులో మూడుసార్లు ఆ మాట విని
నా దుకాణానికొచ్చింది.

మోటార్లు చుట్టేవాణ్ణి నేను.
ముప్పై ఏళ్లుగా కాలిన రాగి వాసన నా చొక్కాది.
"మాణిక్యం భాయ్, గాలికి కూడా కాగితం అడుగుతరా?"
అడగరమ్మా, అన్నాను.

జుమ్మెరాత్ బజార్లో
ట్రెడ్‌మిల్ మోటారొకటి దొరికింది,
ఎవరో బరువు తగ్గుదామని కొని, తగ్గక అమ్ముకున్నది.
నీళ్ల పైపును నిలువునా కోసి మూడు రెక్కలు చెక్కాను.
ఎండిన బోరులోంచి పీకిన గొట్టమే స్తంభం.
బ్యాటరీ ఆమెదే,
బరాత్‌లో దీపాలబండి మీద ఊరేగి ఊరేగి
సగం ప్రాణంతో మూలన పడున్నది.

నిలబెట్టిన రోజు గాలి లేదు.
మర్నాడూ లేదు.
వైశాఖం. ఊరంతా ముహూర్తాలు.
గుర్రాలు పొద్దుగూకగానే మఖ్మల్ కప్పుకుని పోయి
అర్ధరాత్రి దాటాక వచ్చేవి,
బ్యాండు మోత చెవుల్లో ఇంకా అదురుతుండగా.
సెల్‌ఫోన్ నోట కరుచుకుని
ఆ వెలుతుర్లో జీను విప్పేవాడు కరీముల్లా.
పైన నా రెక్కలు
తీగకు ఆరేసిన ఎండుచేపలు.

ఖైరున్నిసా నన్నొక్క మాట అనలేదు.
అంటే బాగుండేది.
రోజూ షట్టర్ దింపి అటే పోయేవాణ్ణి,
తడి వేలు పైకెత్తి గుట్ట మీద నిలబడేవాణ్ణి.

ఆషాఢమొచ్చింది.
పెళ్లిళ్లు ఆగాయి, గాలి లేచింది.
గండిపేట నీళ్ల మీదుగా, తుమ్మల్ని వంచుకుంటూ.
రెక్కలు దగ్గాయి, తిరిగాయి,
ఆపైన కంటికి ఆనలేదు.
బల్బు ఎర్రగా, పచ్చగా, తెల్లగా.
కరీముల్లా ఈల వేశాడు.
మేక గడ్డమెత్తి చూసి మళ్లీ నెమరేసుకుంది.

బిజిలీ మాత్రం గోడకు ఒత్తుకుని వణికింది.
పదివేల టపాసుల నడుమ
పెళ్లికొడుకుల్ని మోసిన తెల్లగుర్రం,
సాయంత్రం గడప మీద తిరిగే
మూడు నీడలకు బెదిరింది.
మేత ముట్టలేదు.
"తీసెయ్యనా?"
"నీడ ఒక్కటే కదా, జరుపు."
నలుగురం పట్టి దక్షిణానికి జరిపాం.
చలికాలం పొద్దు అటుతిరుగుతుంది,
అప్పటి సంగతి అప్పుడు.

పని లేని నెల. దాణా మాత్రం అంతే.
సంపాదన ఆగాకే వెలుతురొచ్చిందని
ఖైరున్నిసా నవ్వింది.
ఆ నవ్వులో ఉలవల బస్తా ఉంది, నాలాల ఖర్చుంది,
నాకియ్యాల్సిన పదిహేను వందలూ ఉన్నాయి.
నేను గుర్తు చేయలేదు.

ఒక వానరాత్రి బిజిలీకి కడుపునొప్పి.
పడుకోనిస్తే పేగు మెలిపడుతుంది,
నడిపించాలి.
కొట్టంలోనే, గుండ్రంగా,
ఒక్కో గంట ఒక్కొక్కరం పగ్గం పట్టుకుని.
గాలి పెరిగితే గుర్రం చెమట మెరిసేది,
తగ్గితే దాని ఊపిరే వినబడేది.
పైన రెక్కలు, కింద మేము,
ఎవరం ఎక్కడికీ పోవడం లేదు.

నాలుగింటికి లద్దె వేసింది.
ఖైరున్నిసా రెండు చేతులూ పైకెత్తి
అల్లాకు షుక్ర్ చెప్పుకుంది.
మేం ముగ్గురం ఆ లద్దె చుట్టూ నిలబడి
కొత్తగా పుట్టిన పిల్లను చూసినట్టు చూశాం.

శ్రావణంలో తొలి ముహూర్తం మెహిదీపట్నంలో.
అద్దె బ్యాటరీకి డబ్బుల్లేక
కొట్టంలోది విప్పి దీపాలబండికెక్కించారు.
రోడ్డు పక్కన నిలబడి చూశాను.
గుట్ట మీద నెల రోజులు పోగైన గాలి
ఎవరో తెలియని పిల్లవాడి తలపాగా మీద వెలిగింది.
బిజిలీ దాని కిందే నడిచింది,
చెవి కూడా కదపకుండా.

నా పదిహేను వందలు ఇంకా రాలేదు.
రెక్కల బోల్టులు బిగించాలి, రేపు పోవాలి.