పేరులేని ట్యూబు

ప్రొద్దుటూరు, మైదుకూరు రోడ్డు.
మేడమీద నా పార్లరు,
కింద కడప రాళ్ల దుకాణం.
పొద్దంతా మిషను మోత.
నల్లబండను నీళ్లు పోసి రుద్దేకొద్దీ
ఇంకా నల్లగా తేలుతుంది,
అడుగుకింతని రేటు పెరుగుతుంది.
పైన నేను రుద్దే లెక్క వేరే.

ఉగాది ముందర వచ్చింది ఓబుళేశ్వరి.
బంగారంగట్లో కౌంటరు పని ఖాళీ ఉండాదంట.
"నగ మెడకు పెట్టి చూపియ్యాల కదా, మాబున్నక్కా,
నగ కనపడుతుంది, నువ్వు కనపడవంటాండారు"
అని నవ్వింది.
నేను నవ్వలేదు. సొరుగు లాగినా.
పేరు లేని ట్యూబు, ఊరు లేని ట్యూబు,
గుంతకల్లు నుంచి వారానికోసారి
గుడ్డసంచిలో వచ్చేది.
"రాత్రిపూట, శనగ్గింజంత" అన్నా.

పదైదు దినాలకే
పొట్టు తీసిన చెనిగ్గింజ మాదిరి అయింది మొహం.
పని దొరికింది. జిలేబీ తెచ్చింది.
"అద్దాల బీరువాలో హారాలకు
నల్ల మఖమల్ మెడలక్కా,
బంగారం వాటిమీదే వెలుగుతుందంట" అనింది
వేళ్లకంటిన పాకం నాక్కుంటా.
ఆ పొద్దు ఇద్దరమూ ఏమీ అనుకోలేదు.

మూడో నెలకు
చెంపల మీద ఎర్రెర్రటి దారాలు,
గడ్డం కింద నూగు.
పొయ్యి సెగ ఓర్వదు.
చెనిక్కాయ కట్టె పీకిన పిల్ల
తొమ్మిదింటి ఎండకే గోడవార నడుస్తాంది.
కడప పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ
"ఎవరిచ్చినారు ఈ మందు?" అని గట్టిగా అడిగితే
"ఏదో మెడికల్ షాపు" అనిందంట.
నా పేరు చెప్పలేదు.
ఆమె చెంపలకేమో పూత మందు రాసిచ్చినారు.
నాకు రాసిచ్చేవాళ్లు లేరు.

మొన్న రాత్రి ఫోన్లో చూసినా.
ఏదో చలిదేశం.
తెల్లపిల్లలు పెట్టెల్లో పండుకుంటారు,
మీద నీలం లైట్లు, కళ్లకు చిన్న మూతలు,
నిమిషాల లెక్కన డబ్బులు కట్టి.
ఎందుకయ్యా అంటే, రంగెక్కడానికి!
మా మే నెలలో ఆ వెలుతురు ఊరికే ఇస్తాం,
పైన చేని కూలి కూడా ఇస్తాం,
అని పక్కలో పిల్లోడు లేచేటట్టు నవ్వినా.
అంతలో ఒకామె భుజం తిప్పి చూపించింది,
జానెడు కుట్లు.
పుట్టుమచ్చే కదా అనుకుందంట,
కోసి తీసినారంట, మళ్లీ కోస్తారంట.
ఆ పెట్టె మూత వేసిన పిల్ల కూడా
"ఇంకో ఐదు నిమిషాలు, అంతే" అనుంటుంది,
నా మాదిరే తియ్యగా.

ఈ మధ్యాన్నం ఓబుళేశ్వరి మెట్లెక్కింది.
చున్నీలో కళ్లు మాత్రం కనపడుతాండాయి.
మానేస్తే మంట ఇంకా ఎక్కువంట,
నిద్ర లేదంట.
"ఒక్కటియ్యక్కా. ఇదే ఆఖరు."
కరెంటు పోయి కింద మిషను నిలిచిపోయింది.
సొరుగు సగం తెరిచే ఉండాది.
అద్దంలో ఇద్దరమూ.
నా మొహానికి నేనెప్పుడూ
ఆ ట్యూబు పూసుకోలేదని
ఇప్పుడే చూస్తాండాది ఆ పిల్ల.