బొటనవేలు

పైసలు కట్టేముందే చెప్త, ఇనుండ్రి.
ఫ్లెక్సీ మీదున్న తాబేలు ఈడ లేదు.
అది ఏ సముద్రంలదో,
నెట్ల దొరికితే అతికించిండు మా సారు.
ఇది కరీంనగర్ దాటినంక
గ్రానైట్ తవ్వి ఇడిచిపెట్టిన గుంత.
తొమ్మిదేండ్ల వానలు నిండినయి.
ఎవరో ఏసిన బొచ్చెపిల్లలున్నయి,
అవి గూడ మీ సప్పుడుకే అవుతలి గోడకు వోతయి.

లోపట పచ్చగుంటది, పసరు లెక్క.
చెయ్యి సాపితే మోచేతిదాకా మీదే,
ఆ తర్వాత ఎవరిదో.
చెవులల్ల తుమ్మముల్లు గుచ్చినట్టయితది.
ముక్కు పట్టుకోని ఊదుండ్రి, సిగ్గుపడకుండ్రి.
అద్దంల ఉమ్మి రాయాలె.
హన్మకొండ కెల్లొచ్చిన బ్యాంకు మేడం
ఛీ అన్నది, రాయలే,
పన్నెండు నిమిషాలు పొగమంచు జూసి వచ్చింది.
అవును, పన్నెండే.
ముప్పావుగంటని రాసింది
బట్టలు తొడుగుడు, బెల్టు కట్టుడు, ఫోటోలు అన్ని కలిపి.

సారు ఎనుకనే ఉంటడు,
మీ సిలిండర్ పట్టుకోని,
పిల్లిపిల్లను మెడకాడ పట్టినట్టు.
ఈదుతున్నమని మీరనుకుంటరు.
ఒడ్డుకొచ్చినంక అందరిదీ ఒక్కటే మొఖం:
పెండ్లిల ఆఖరు బంతికి కూసున్నోళ్ల మొఖం.

నేను జమ్మికుంట దిక్కు
బాయిలల్ల పడ్డ మోటర్లు తీసినోన్ని.
నలభై ఫీట్లు. నడుముకు మోకు, లోపట ఒక్క ఊపిరి.
కండ్లు మూసుకునే దిగేది, చేతులే చూసేటియి:
ఇది పైపు, ఇది ఫుట్‌వాల్వు, ఇది ఎవరిదో చెప్పు.
పైకొస్తే రైతు మోటరు దిక్కే చూసేటోడు.
లోపట ఏమున్నదని ఎవ్వలడగలే.

ఆఁ, గుర్తుల సంగతి మర్చిపోయిన.
బొటనవేలు ఎత్తితే బాగుందని కాదు,
పైకి పోదమని.
బాగుంటే వేలుకు వేలు కలిపి సున్న సుట్టాలె.
వందసార్లు చెప్త. వందమందీ తలూపుతరు.

మొన్న ఓదెలు అని ఒకాయన వచ్చిండు.
అరవై దాటినయి.
డాక్టర్ చీటీ తెచ్చిండు, లామినేషన్ చేపిచ్చి.
తాబేలునడగలే, చాపలనడగలే.
"తూర్పు గోడ, మూడో మెట్టు. ఆడికి దించుతరా?"
ఈ గుంతల పదకొండేండ్లు డ్రిల్లు కొట్టిండట.

దించిండు సారు. నేను తాడుకాడ ఉన్న.
బుడగలు గోడ పొంటి పోయినయి, ఆగినయి.
నాలుగు నిమిషాలకే ఇద్దరు తేలిండ్రు.
"ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?
గిప్పుడే గదా దొరికింది!"
"మీరే పైకన్నరు కదా," అన్నడు సారు.
డ్రిల్లు గాట్లు చేతికి తాకినయట,
నిలువుగ, నడిమికి చీరిన గొట్టాల లెక్క.
ఒక్కొక్కటి లెక్కవెట్టుకుంట పోయి
తొమ్మిదోదాని కాడ పాణం ఉబ్బి
బొటనవేలు ఎత్తిండట.

రూలు రూలే. మల్ల దిగాల్నంటే మల్ల మూడువేలు.
ఆయన తన వేలు దిక్కు చూసుకున్నడు,
గోరు ఎన్నడో పోయిన వేలు,
నవ్విండు.
కొట్లాడితే బాగుండనిపించింది నాకు.
నంబరిచ్చి, "పద్నాలుగుండాలె," అనుకుంట బస్సెక్కిండు.

పొద్దుగూకినంక, సారు కారు గేటు దాటినంక,
అంగీ ఇప్పి దిగిన. సిలిండర్ లేదు.
కండ్లు మూసుకున్న, పాత అలవాటు.
ఒకటి. రెండు. గాట్లల్ల నాచు,
నాచు కింద రాయి ఇంక గరుకే.
పదకొండు దాకా ఊపిరి ఆగింది.

రాత్రి ఫోన్ చేసి చెప్పిన,
పద్నాలుగు ఉన్నయే అని.
కొంచెంసేపు టీవీ సప్పుడే ఇనవడ్డది.
"మరి పదమూడోది వంకరున్నదా?"
అని అడిగిండు.

ఆదివారం చూసి చెప్తనన్న.